గుగ్గిళ్లలో నూడుల్స్

మే నెల మిట్టమధ్యాహ్నం బోగోలులో పొయ్యి ముందు నిలబడటమంత శిక్ష మరొకటి ఉండదు. పేరుకు సముద్రం దగ్గరే. జువ్వలదిన్నె వైపు నుంచి గాలి బయలుదేరుతుంది గానీ అది వంటింటి కిటికీ దాకా వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఈలోగా పిల్లలకు ఆకలి. పైగా సెలవులాయె! అంగడికి పరిగెత్తి నూడుల్స్ ప్యాకెట్టు తెచ్చి అమ్మ చేతిలో పెడతారు. అమ్మకూ అదే తేలిక. అవ్వకు మాత్రం ఒళ్లు మండుతుంది. సాయంత్రం గుగ్గిళ్లు చేద్దామని ఆవిడ రాత్రే నానేసిన అలసందలు గిన్నెలో ఉబ్బి కూర్చుని ఉంటాయి. వాటి వంక చూసే నాథుడుండడు.

చాలా ఇళ్లలో ఉన్న తగవే ఇది. అవ్వ చెప్పేదాంట్లో న్యాయం ఉంది, పిల్లల నాలుకకూ ఒక న్యాయం ఉంది. ఈ వారం వంటకం ఇద్దరికీ రాజీ కుదిర్చేది. గుగ్గిళ్లూ నూడుల్సూ ఒకే గిన్నెలో... చల్లగా, పుల్లగా, కాస్త కారంగా.

నూడుల్స్‌ను చల్లార్చి తినడమేమిటని ముఖం చిట్లించకండి. థాయ్‌లాండ్, వియత్నాంలలో ఇది మామూలు సంగతే. థాయ్‌లాండ్‌లో 'యమ్ వున్ సెన్' అనే సలాడ్ ఒకటుంది. ఉడికిన సన్నటి నూడుల్స్‌లో నిమ్మరసం, పచ్చిమిర్చి, ఉల్లి, కొత్తిమీర, రొయ్యలు కలిపి ఇస్తారు. అందులో వాడే నూడుల్స్ ఉడికాక గాజు పోగుల్లా మెరుస్తాయి. వాటిని దేనితో చేస్తారనుకున్నారు? మన పెసలతోనే! పెసర పుట్టిల్లు భారతదేశం. ఇక్కడి నుంచి తూర్పు దేశాలకు వెళ్లి, మనకు పెసరట్టయిన గింజే వాళ్లకు మొలకల కూరగా, గాజు నూడుల్స్‌గా మారింది. చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని లాంగ్‌కౌ ఈ నూడుల్స్‌కు పెట్టింది పేరు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. పెసలతో చేశారు కదా, పప్పు తిన్నంత బలం వస్తుందనుకుంటే పొరపాటే. పెసలను నానబెట్టి, రుబ్బి, వడకట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పిండి పదార్థాన్ని మాత్రమే తీసి ఆ పోగులు లాగుతారు. 100 గ్రాముల పెసల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. గాజు నూడుల్స్‌లోకి వచ్చేసరికి అవి దాదాపు లేనట్టే. పీచూ అంతే. కాబట్టి పెసల నూడుల్స్ అయినా, బియ్యం సేమ్యా అయినా, మైదా నూడుల్స్ అయినా ప్రధానంగా పిండి పదార్థమే. పోగొట్టుకున్న పప్పును మళ్లీ ఆ గిన్నెలోకి తెచ్చుకోవాల్సింది మనమే. బజారులో, హోటళ్లలో అమ్మే నూడుల్స్ సలాడ్లలో గిన్నెడు నూడుల్స్ మీద పది గింజలు అలంకారానికి చల్లుతారు. దాన్ని తిరగేయాలి. గింజలు దండిగా, నూడుల్స్ సరదాకు.

ఎంత గింజ అంటారా? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీల భోజనం చేసేవారి పళ్లెంలో పప్పు దినుసులు, లేదా వాటికి బదులు గుడ్లు, మాంసం, చేపలు కలిపి 85 గ్రాములుండాలి. కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్లలో అన్నం కొలత అందరికీ తెలుసు. పలచటి పప్పుచారులో గరిటెకు ఎంత పప్పు వస్తోందో మాత్రం ఎవరూ లెక్క చూడరు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చాక అయినా ఈ లెక్క చూసుకోవడం మంచిది.

ఇక వంటలోకి వద్దాం. నలుగురికి సరిపడా చేయాలంటే అలసందలు 100 గ్రాములు, పెసలు 50 గ్రాములు, బియ్యం సేమ్యా 100 గ్రాములు తీసుకోవాలి. ఒక కీర దోసకాయ, రెండు క్యారెట్లు, సన్నగా తరిగిన క్యాబేజీ రెండు కప్పులు, ఉల్లికాడలు ఒక కట్ట, కొత్తిమీర, పుదీనా గుప్పెడు చొప్పున కావాలి. పైన కలిపే పులుసుకు వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పు మూడు పెద్ద చెంచాలు, రెండు నిమ్మకాయలు, రెండు పచ్చిమిర్చి, అంగుళం అల్లం ముక్క, రెండు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు బెల్లం తురుము, నువ్వుల నూనె ఒక పెద్ద చెంచా, సోయా సాస్ రెండు చిన్న చెంచాలు, వేయించిన నువ్వులు కొద్దిగా.

పెసల పని ముందు రోజే మొదలుపెట్టాలి. ఉదయం నానబెట్టి, సాయంత్రం పలుచటి గుడ్డలో మూటగడితే మన ఎండలకు తెల్లారేసరికి మొలకలు తొంగిచూస్తాయి. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్లతో కడగకపోతే మాత్రం పులిసిన వాసన వస్తుంది. మొలకల్ని పచ్చిగా వేయకండి. తడీ వెచ్చదనమూ మొలకతోపాటు సూక్ష్మజీవులకూ ఇష్టమే. మూడు నాలుగు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే భయం తగ్గుతుంది, కరకర పోదు. గర్భిణులకు, పసిపిల్లలకు, పెద్ద వయసు వారికి మెత్తగా ఉడికించి పెట్టడమే మేలు.

అలసందలు రాత్రి నానేసి, పొద్దున నీళ్లు మార్చి కుక్కర్‌లో రెండు కూతలు రానిస్తే చాలు. వేలితో నొక్కితే నలగాలి గానీ వాటంతటవి చితికిపోకూడదు. చితికితే సలాడ్ కాస్తా ముద్ద పప్పవుతుంది. అలసందల బదులు రాజ్మా వేసేవారు ఒక జాగ్రత్త పాటించాలి. సరిగా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో బాగా మెత్తబడేదాకా ఉడికించాల్సిందే.

బియ్యం సేమ్యాను పొయ్యి మీద ఉడికించనక్కర్లేదు. మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి, ప్యాకెట్టు మీద చెప్పినంత సేపు ఉంచి, వార్చి, చల్లటి నీళ్లతో కడగాలి. జల్లెడలో పది నిమిషాలు వదిలేయండి. నీళ్లు మిగిలితే పులుసు పట్టదు. సేమ్యా దొరక్కపోతే దిగులేం లేదు, జంతికల గొట్టం ఉందిగా! బియ్యప్పిండిని మరిగే నీళ్లతో తడిపి, సన్న రంధ్రాల బిళ్ల వేసి, ఇడ్లీ రేకుల మీద ఒత్తి ఆవిరి పడితే తమిళుల ఇడియాప్పమే. నూడుల్స్‌కు అది దగ్గరి చుట్టం. ప్యాకెట్టు నూడుల్స్ తప్ప పిల్లలు ఒప్పుకోకపోతే, వాటినే ఉడికించి వార్చేసి, అందులోని మసాలా పొట్లాన్ని పక్కన పెట్టండి. ఉప్పులో పెద్ద వాటా అక్కడే ఉంటుంది.

ఉప్పు మాట వచ్చింది కనుక సోయా సాస్ సంగతి కూడా. ఒక పెద్ద చెంచా సాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పుంటుంది. రోజుకు మనిషికి ఐదు గ్రాములు దాటవద్దంటున్నారు. అందుకే ఇక్కడ నలుగురికీ కలిపి రెండు చిన్న చెంచాలే చెప్పింది. విడిగా ఉప్పు వేయకండి. చప్పగా అనిపిస్తే నిమ్మకాయ ఇంకోటి పిండండి. గూడూరు నిమ్మకు పేరున్న ప్రాంతంలో వినిగర్ సీసా కొనాల్సిన అవసరం ఏముంది? పైగా నిమ్మలోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, బెల్లం కలిపి రోట్లో నూరి, వేరుశనగ పప్పు వేసి బరకగా దంచాలి. మెత్తగా చేస్తే చట్నీ అవుతుంది. ఇందులో నిమ్మరసం, సోయా సాస్, నువ్వుల నూనె, రెండు మూడు చెంచాల నీళ్లు పోసి కలిపితే పులుసు సిద్ధం. వెడల్పాటి గిన్నెలో ముందు అలసందలు, మొలకలు వేసి సగం పులుసు పట్టించాలి. గింజకు రుచి ఎక్కడానికి టైం కావాలి, నూడుల్స్‌కు అక్కర్లేదు. పావుగంట ఆగి కూరగాయల ముక్కలు, సేమ్యా, మిగతా పులుసు వేసి చేత్తో తేలిగ్గా కలపాలి. గరిటె పెడితే పోగులు తెగిపోతాయి. పైన ఆకులు, నువ్వులు.

ఒక్కొక్కరి వంతుకు సుమారు 37 గ్రాముల పప్పు దినుసులు వస్తాయి. అంటే ఆ 85లో దాదాపు సగం ఒక్క పూటలోనే తీరినట్టు. మాంసకృత్తులు మనిషికి 13 గ్రాముల దాకా ఉంటాయి. షుగర్ ఉన్నవారు సేమ్యా సగానికి తగ్గించి గింజలు పెంచుకోవచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు పప్పులు ఎంత తినాలో డాక్టరును అడిగే తినాలి.

రొయ్యలు తినే ఇళ్లలో చిన్న రొయ్యల్ని శుభ్రం చేసి, పూర్తిగా ఎర్రబడేదాకా ఉడికించి కలుపుకుంటే థాయ్ సలాడ్‌కు ఇంకాస్త దగ్గరవుతుంది. అయితే వెంటనే తినేయాలి, సాయంత్రానికి దాచుకోవద్దు. అసలు ఈ సలాడ్ ఏదైనా ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచకూడదు. బిట్రగుంటలో రైలెక్కి నెల్లూరు ఉద్యోగాలకు వెళ్లేవారు మధ్యాహ్నానికి క్యారేజీలో సర్దుకోవాలంటే, రాత్రే ఫ్రిజ్‌లో బాగా చల్లబరచిన గింజలూ సేమ్యా ఒక గిన్నెలో, పులుసు చిన్న సీసాలో పెట్టుకుని, ఆఫీసు చేరగానే అక్కడి ఫ్రిజ్‌లో ఉంచి తినేముందు కలుపుకోవాలి. ఫ్రిజ్ లేని ఆఫీసయితే పెరుగన్నమే దిక్కు.

ఇంత చేశాక అవ్వ గిన్నె దగ్గరకు వచ్చి 'తాలింపేదీ?' అంటుంది. తప్పదు. ఆవిడ వంతులో సోయా సాస్ వేయకుండా తీసి, అర చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడించి పోసి ఇవ్వండి. వాసనకు పిల్లలు వచ్చి తమ గిన్నెల్లోకీ అడుగుతారు, కరివేపాకు ఒక గుప్పెడు ఎక్కువే కోసి ఉంచండి.