తెర చూచువాడు ఎవడు?



గత మాసములో గృహ కూడిక ముగించుకొని వచ్చుచుండగా మా ఫోను కంకర మీద పడినది. బొమ్మ బాగానే కనబడుచున్నది గాని, అక్షరములుండు క్రింది భాగము వ్రేలికి లోబడుట మానినది. సంఘస్థుల నంబర్లు, ప్రార్థన మనవులు, బాప్తిస్మపు ఫొటోలు అన్నీ అందులోనే.

సంఘములోని యవ్వనస్థుడొకడు తన లాప్‌టాప్ తెచ్చాడు. సెట్టింగులలో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబులు కలిపాడు. ఈ కంప్యూటరును అనుమతింతువా అని ఫోను అడిగినది. ఫోనును అడ్డముగా త్రిప్పి, పనిచేయు వైపున సరే అని నొక్కాడు. అంతే, మా ఫోను తెర లాప్‌టాప్ మీదికి వచ్చినది! మౌసుతో నొక్కితే ఫోనులో తెరచుకొనుచున్నది, కీబోర్డు మీద కొట్టితే అక్షరములు పడుచున్నవి. ఇది 2018లో వెలువడిన ఉచిత ప్రోగ్రాము. పేరు స్క్రీన్ కాపీ అని పలుకుతారట. ఆండ్రాయిడ్ ఫోనులకే పనిచేయును. కేబులుంటే ఇంటర్నెట్ కూడ అక్కరలేదు.

మేము సంతోషించుచుండగానే బ్యాంకు ఓటీపీ ఒకటి వచ్చినది. అది లాప్‌టాప్ మీద కూడ కనబడినది. మా గుండె గుభేలుమన్నది.

ఈ సంవత్సరారంభమున మన సంఘపు విధవరాలొకామె మాకు ఫోను చేసినది. "అయ్యగారూ, బ్యాంకు నుండి అంటున్నారు, ఏదో యాప్ వేసుకోమంటున్నారు" అన్నది. మేము సమాధి కార్యక్రమములో ఉన్నాము. "వారు చెప్పినట్టు చేయమ్మా" అని పెట్టేశాము. గేదెను అమ్మిన సొమ్మంతా పోయినది. "ఓటీపీ ఎవరికీ చెప్పలేదు అయ్యగారూ" అని ఆమె ఏడ్చితే, పొరపాటున చెప్పియుంటుందిలే అనుకొన్నాము. ఆమె అబద్ధమాడలేదు. తెర చూచువానికి చెప్పనక్కరలేదు. ఇట్టి యాప్‌ల విషయమై రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించినది, మేము చదువలేదు.

మన ఇంటిలో, మన కళ్లయెదుట, కేబులుతో కలుపుట వేరు. ముఖమెరుగనివాడు ఫోనులో చెప్పగా యాప్ వేసుకొనుట వేరు. పనియైన వెంటనే ఆ యవ్వనస్థుడు డీబగ్గింగ్ ఆపివేశాడు. మోసము జరిగితే మొదట నెట్ ఆపి, బ్యాంకుకు చెప్పి, ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను. ఆమె మరునాటికి గాని చేయలేదు. సొమ్ము ఇంకను రాలేదు.

మొన్న ఆదివారము ఆరాధనలో ఆమెను సంఘము యెదుట క్షమాపణ అడిగాము. పాటల నంబర్లు వ్రాయు బల్ల అడుగున 1930 అని సుద్దముక్కతో వ్రాసి, దానిని తుడవవద్దని సండేస్కూలు పిల్లలకు చెప్పాము.