రాయి, గేరు, హ్యాండ్ బ్రేక్

మా బావ పాత పికప్‌లో సీటు కింద ఎప్పుడూ ఒక రాయి ఉంటుంది. ఇటుక కన్నా కాస్త పెద్దది, ఒక అంచు అరిగి నున్నబడింది. పాడేరులో పసుపు బస్తాలు ఎత్తుకుని ఘాట్ దిగి, మాడుగుల మీదుగా అనకాపల్లి వెళ్లే బండి అది. ఎక్కడ ఆగినా ముందు క్లీనరు కుర్రాడు రాయితో దిగుతాడు, ఆ తర్వాతే బావ బ్రేకు మీంచి కాలు తీస్తాడు. హ్యాండ్ బ్రేక్ లాగితే లివరు పన్నెండు సార్లు కటకటమని నిటారుగా లేచి నిలబడేది. బండి మాత్రం జారేది.

"దానికెందుకు డబ్బు తగలెయ్యడం? గేరులో పెట్టి రాయి వేస్తే ఏనుగు తోసినా కదలదు" అనేవాడు.

ఆ మాటలో పస లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం డ్రైవరు లేని బండికి ఇంజను ఆపి బ్రేకు వెయ్యాలి, లేదా బండి తనంతట తాను కదలకుండా ఇంకేదైనా ఏర్పాటు చెయ్యాలి. రాయి ఆ రెండో కోవలోకి వస్తుంది. పైగా పాత బండికి ఒకటి విప్పితే రెండోది బయటపడుతుంది: లైనర్లు, సీళ్లు, కేబుల్, డ్రమ్ములకు లేత్ పని. వీటికి తోడు ఒక రోజు కిరాయి పోతుంది. ఖర్చు లెక్కేసుకునే మనిషి వెనకాడితే తప్పు పట్టలేం.

కాని గేరు మీద అతనికున్న నమ్మకం నాకు లేదు. గేరులో ఉన్న బండిని ఆపేది ఇంజనులోని కంప్రెషన్. ఇంజను అరిగినకొద్దీ ఆ పట్టు సడలుతుంది. అంతకన్నా ప్రమాదం టైరు మార్చేటప్పుడు. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచిందంటే, డిఫరెన్షియల్ వల్ల గాలిలో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతూ, నేల మీది చక్రాన్ని రెండోవైపు దొర్లనిస్తుంది. గేరు పడే ఉంటుంది, బండి మాత్రం జాకీ మీంచి దిగిపోతుంది. హ్యాండ్ బ్రేక్ అయితే రెండు వెనక చక్రాలనూ దేనికది పట్టుకుంటుంది. ఘాట్‌లో బ్రేక్ ఆయిల్ కారిపోయి కాలి బ్రేకు చేతులెత్తేస్తే, ఆయిల్‌తో పని లేకుండా తీగతో లాగే బ్రేకు అదొక్కటే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 96వది కాలి బ్రేకుతో పాటు పార్కింగ్ బ్రేకూ విడిగా ఉండాలంటుంది. 8 ఏళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కూడా. అక్కడ రాయి చూపిస్తే కుదరదు.

సరే, బాగు చేయించాలి. ఎంతవరకు? అసలు తగువు ఇక్కడే. కేబుల్ నట్టు నాలుగు చుట్లు బిగిస్తే చాలంటాడు ఒక మెకానిక్. పది నిమిషాల పని, లివరు వెంటనే కిందే పట్టేస్తుంది. లైనర్లు బాగుండి, కేబుల్ మాత్రమే సాగి ఉంటే ఆ మాటా నిజమే, అంతకు మించి విప్పడం దండగ. లైనర్లు అరిగిన బండికి అదే పని చేస్తే డ్రమ్ములోని చిన్న లివరు ఎప్పుడూ సగం లాగినట్టే ఉండిపోతుంది. షూలు పూర్తిగా వెనక్కి రావు. దిగుడులో అవి రాసుకుంటూ డ్రమ్ము కాగిపోతుంది. ఆగినప్పుడు పట్టాలని బిగించింది కాస్తా, నడిచేటప్పుడు బ్రేకును చెడగొడుతుంది.

అందుకే డ్రమ్ములు విప్పించాం. ఎడమ వైపు లైనింగ్ రివెట్ల తలల దాకా అరిగిపోయింది. కుడి వైపు మందం బాగానే ఉంది గాని నల్లగా, జిడ్డుగా ఉంది. యాక్సిల్ సీలు పోయి హౌసింగ్ ఆయిల్ షూల మీదికి కారుతోంది. ఆ చక్రానికి నట్టు ఎంత బిగించినా ఏం లాభం? కుర్రాడు కంప్రెసరు గొట్టం పట్టుకుని దుమ్ము ఊదబోతే ఆపాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడిపి తుడవమన్నాను. డ్రమ్ము అంచున మెట్టు కట్టింది. ఎంత వ్యాసం దాటితే పారెయ్యాలో డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. కొలిస్తే ఇంకా లోపలే ఉంది, లేత్ మీద ఒక కోతతో సరిపోయింది. కేబుల్ ఒక కొస లాగితే రెండో కొస బద్ధకంగా కదిలింది. నూనె పోస్తే కొన్నాళ్లు నడుస్తుందన్నారు. బురదలో తిరిగే బండికి ఆ కొన్నాళ్లెన్నో నాకు తెలుసు, కొత్తదే వేయించాం. షూలు రెండు వైపులా మార్చి, డ్రమ్ముకు దగ్గరగా సర్ది, పెడలు నాలుగుసార్లు తొక్కి, ఆఖరున కేబుల్ నట్టు ముట్టుకున్నారు. ఈ వరస తిరగబడితే పెట్టిన డబ్బంతా వృథా.

పొలం దాటని బండికైతే బావ మాటకే ఓటేస్తాను. ఘాట్ ఎక్కే బండికి, బరువు మోసే బండికి డ్రమ్ములు విప్పి చూడకుండా నట్టు బిగించనివ్వకండి. ఏమేం మార్చాలో విప్పాకే తేల్చుకోండి. మా బండి లివరు ఇప్పుడు ఆరో కటక్కు దగ్గరే ఆగుతోంది. రాయిని మాత్రం బావ పారెయ్యలేదు, నేనూ పారెయ్యమనలేదు.