పేరు చూసి మెయిలు వెతకొద్దు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, పైథాన్, డెవాప్స్ నేర్పుతామనే బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. రెజ్యూమే ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో కూడా నేర్పుతామంటాయి కరపత్రాలు. ఆ రెజ్యూమే పంపాక వచ్చే జవాబులను ఎలా పట్టుకోవాలో, వాటిలో అసలేదో నకిలీ ఏదో ఎలా తేల్చుకోవాలో నేర్పే పాఠం మాత్రం ఆ కరపత్రాల్లో కనపడదు. ఇదో పెద్ద విద్యా అనిపించవచ్చు. కానీ నెలల తరబడి కనబడిన ప్రతి కంపెనీకీ దరఖాస్తు పెట్టిన అభ్యర్థి ఇన్‌బాక్సు ఒకసారి చూడండి. పంపినవారి పేరు ఉండేచోట ‘హెచ్‌ఆర్ టీమ్’, ‘రిక్రూట్‌మెంట్’, ‘టాలెంట్ అక్విజిషన్’, ‘నో రిప్లై’ అనే మాటలే తిరిగి తిరిగి వస్తుంటాయి. నాలుగు కంపెనీల హెచ్‌ఆర్ టీములు ఒకే కుప్పలో పడతాయి. అయిదో హెచ్‌ఆర్ టీము అసలు ఏ కంపెనీదీ కాకపోవచ్చు. ల్యాప్‌టాప్ డిపాజిట్ కింద డబ్బు కట్టమని అడిగేది అదే. ఈ కుప్పను విడదీయగలిగింది ఆ పేరు చాటున ఉన్న మెయిలు చిరునామా ఒక్కటే. అందుకే మెయిళ్ళను చిరునామాను బట్టి ఏరుకోవడం, చిరునామాతోనే వెతుక్కోవడం మనకు అలవాటు కావాలంటున్నాను. మెయిలు ప్రోగ్రాములు తయారుచేసేవాళ్ళు దాచిపెట్టిన చిరునామాను మళ్ళీ కళ్ళముందుకు తేవాలి కూడా.

దాచిపెట్టారనడం అతిశయోక్తి కాదు. ఫోన్లో జీమెయిల్ తెరిస్తే పంపినవారి పేరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిరునామా చూడాలంటే దాని కింద ‘టు మీ’ పక్కనున్న చిన్న బాణం గుర్తును నొక్కాలి. ఔట్‌లుక్‌లో ‘ఫ్రమ్’ అన్నచోట నొక్కితే ఉత్తరాలు వరస మారతాయి గానీ, ఆ వరస పేర్ల అక్షరక్రమంలో ఉంటుంది, చిరునామాల క్రమంలో కాదు. కంప్యూటర్లో తెరిచే జీమెయిల్‌లో పంపినవారిని బట్టి వరస పెట్టుకునే వీలే లేదు. 2004 ఏప్రిల్ 1న మొదలైన నాటి నుంచీ దాని ధోరణి అదే: సర్దుకోనక్కర్లేదు, వెతుక్కుంటే చాలు. ఇంతకీ ఆ పేరన్నది ఏమిటి? పంపేవాడు తన గురించి తాను రాసుకునే ముక్క. బ్యాంకు పేరు రాసుకోవచ్చు, కలెక్టర్ పేరు రాసుకోవచ్చు. ఆ ముక్క నిజమో కాదో తేల్చే పద్ధతి మెయిలు వ్యవస్థలో లేదు. అది తనిఖీ చేసేది ఎట్ గుర్తుకు కుడివైపున్న డొమైన్‌ను. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లూ ఆ కుడివైపు భాగం మీదే ఆధారపడతాయి. భారీ సంఖ్యలో మెయిళ్ళు పంపేవాళ్ళకు, అంటే గూగుల్ లెక్కలో రోజుకు 5,000 దాటి పంపేవాళ్ళకు, 2024 ఫిబ్రవరి నుంచి ఇవి తప్పనిసరయ్యాయి. యాహూ కూడా అదే బాట పట్టింది. తెర వెనక యంత్రం డొమైన్ చూసి తీర్పు చెబుతుంటే, తెర ముందు మనిషిని మాత్రం పేరు చూసి నమ్మమంటున్నారు.

పేర్లతో సార్టింగ్ చేయడంలోని కష్టం తపాలా శాఖకు ఎప్పుడో తెలిసింది. ఒకే పేరున్న ఊళ్ళు బోలెడు, భాషలు అనేకం, స్పెల్లింగులు రాసేవాడి ఇష్టం. ఖైరతాబాద్‌ను ఖైర్తాబాద్ అని రాసేవాళ్ళున్నారు. పంజగుట్ట, పంజాగుట్ట, పుంజగుట్ట మూడూ దుకాణాల బోర్డుల మీదే కనిపిస్తాయి. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపకల్పనలో 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది ఈ గందరగోళానికి మందుగానే. 500004 అని ఉంటే ఖైరతాబాద్, 500082 అని ఉంటే పంజగుట్ట వైపు. పేరు ఎలా రాసినా ఉత్తరం దారి తప్పదు. మెయిలు చిరునామా చేసే పని కూడా అదే, మరింత కచ్చితంగా. ఇక మన తెలుగువాళ్ళ పేర్ల విషయంలో దీని అవసరం రెండింతలు. ఇంటిపేరు ముందు రాస్తే ఒక తీరు, పాస్‌పోర్టు కోసం వెనక్కి తిప్పితే ఇంకో తీరు, పొడి అక్షరం చేస్తే మరో తీరు. ఒకే శ్రీనివాస్ ఆఫీసు మెయిల్లో కె అక్షరం కింద, సొంత మెయిల్లో ఎస్ కింద చేరతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీనివాస్‌కూ లక్ష్మికీ ఎన్ని స్పెల్లింగులున్నాయో పెళ్ళి శుభలేఖలు అచ్చువేసేవాళ్ళను అడిగితే చెబుతారు. పేరు ముందు, ఇంటిపేరు వెనక అనే పద్ధతి మీద కట్టిన అక్షరక్రమం మన దగ్గరకొచ్చేసరికి చెట్టుకొకరినీ పుట్టకొకరినీ చేస్తుంది. పేరు ఎన్ని తీర్లుగా రాసినా దాని వెనకున్న చిరునామా మాత్రం మారదు.

ప్రభుత్వ కార్యాలయాల్లో ఇదింకా స్పష్టం. 2015లో నోటిఫై అయిన కేంద్ర ప్రభుత్వ ఈమెయిల్ విధానం ఒక అధికారికి రెండు చిరునామాలకు వీలు కల్పించింది: హోదా పేరున ఒకటి, సొంత పేరున ఒకటి. ఎంతో ముందుచూపున్న ఏర్పాటు. అధికారి బదిలీ అవుతాడు, హోదా చిరునామా కుర్చీతోపాటే ఉండిపోతుంది. ఎర్రమంజిల్‌లోని జలసౌధలోనో, ఖైరతాబాద్ విద్యుత్ సౌధలోనో ఒక కాంట్రాక్టు అయిదారేళ్ళు నడిచిందనుకుందాం. ఆ కాలంలో అదే కుర్చీలో ముగ్గురో నలుగురో కూర్చుని ఉంటారు. పేర్లతో వెతికే గుమస్తాకు ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ముక్కలుగా దొరుకుతాయి, మధ్యలో కొన్నాళ్ళు ఇన్‌ఛార్జిగా ఉన్నాయన పేరు గుర్తురాకపోతే ఆ ముక్క అసలే దొరకదు. హోదా చిరునామాతో వెతికితే మొదటి నోటీసు నుంచి చివరి బిల్లు దాకా ఒకే దారంలో వచ్చేస్తాయి. సమాచార హక్కు దరఖాస్తుకు గడువులోగా జవాబివ్వాల్సిన చోట ఈ తేడా చిన్నదేమీ కాదు.

‘వెతుకులాట ఇంత బాగా పనిచేస్తుంటే, రేపో మాపో ఏఐ వెతికిపెడుతుంటే, ఈ చాదస్తమంతా ఎందుకు’ అంటారు. మాటలతో వెతికితే ఆ మాటలున్న ఉత్తరాలన్నీ వస్తాయి. ‘ఆఫర్ లెటర్’ అని కొడితే అసలు ఆఫర్ లెటరూ నకిలీదీ పక్కపక్కనే కూర్చుంటాయి, ఎందుకంటే నకిలీని అసలు దాన్ని చూసే రాస్తారు. పైగా కంపెనీ ‘అప్‌డేట్ ఆన్ యువర్ అప్లికేషన్’ అని శీర్షిక పెట్టి పంపితే మీరు కొట్టిన మాట అందులో ఉండకపోవచ్చు. చిరునామా ఈ రెండు చిక్కులనూ దాటేస్తుంది. వెతకడమూ కష్టం కాదు. వెతికే గడిలో ‘ఫ్రమ్’ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, పక్కనే కంపెనీ డొమైన్ రాస్తే ఆ డొమైన్ నుంచి వచ్చినవి బయటపడతాయి. ‘టు’ అని మొదలుపెడితే మీరు ఎవరికి రాశారో అవి వస్తాయి. తేదీ, అటాచ్‌మెంట్ షరతులు కూడా జోడించుకోవచ్చు. వాట్సాప్ కాలంలో మెయిలెవరు చూస్తారన్న ప్రశ్నకు పెద్ద జవాబు అక్కర్లేదు: నియామక పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు, వీసా అపాయింట్‌మెంటు ఇప్పటికీ మెయిలుకే వస్తున్నాయి.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. కంపెనీ ఒకే చిరునామా నుంచి రాయదు. నియామకాలు వేరే సాఫ్ట్‌వేర్ ద్వారా, బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ మూడో సంస్థ ద్వారా నడుస్తాయి. నిజమైన ఉత్తరమే తెలియని డొమైన్ నుంచి రావచ్చు. నిజమే, కాబట్టి ఒక్క చిరునామాను పట్టుకుని వేలాడితే చాలదు. ఫిల్టర్ పెట్టుకునేటప్పుడు ఒక కంపెనీ వ్యవహారానికి సంబంధించిన చిరునామాలన్నీ ఇంగ్లీషులో ‘లేదా’ అనే అర్థమిచ్చే ‘ఆర్’ మాటతో కలిపి ఒకే లేబుల్ కిందకు తేవాలి. కొత్త డొమైన్ కనిపించినప్పుడల్లా అది ఎవరిదో ఆ కంపెనీ వెబ్‌సైటులో చూసి, ఆ తర్వాతే జాబితాలో చేర్చాలి. కొంచెం శ్రమే. మన సొంత చిరునామాతో కూడా ఒక ఉపాయముంది. జీమెయిల్‌లో ఎట్ గుర్తుకు ముందు ప్లస్ పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం మన పెట్టెలోకే వస్తుంది. ఒక్కో జాబ్ పోర్టల్‌కు ఒక్కో మాట చేర్చి ఇస్తే, ‘టు’ చిరునామాను చూసి ఏ ఉత్తరం ఏ దారిన వచ్చిందో, మన వివరాలు ఎక్కడినుంచి బయటికి పొక్కాయో పసిగట్టవచ్చు. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, తెలివైన స్పామర్ దాన్ని తీసేస్తాడు. అయినా చాలామంది స్పామర్లకు అంత ఓపిక ఉండదు.

‘చిరునామాను కూడా నకిలీ చేస్తారు కదా’ అన్నది చివరిది. చేస్తారు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నడిచే మెయిళ్ళలో దూరి, ఒక్క అక్షరం మార్చిన చిరునామా నుంచి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాసి సొమ్ము కాజేసే మోసం పోలీసులకు బాగా పాతబడినదే. ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్ లాగా, చిన్న ఎల్ ఒకటి అంకెలాగా కంటికి కనిపిస్తాయి. అందుకే చిరునామాను చూడటం ఒక పని, చిరునామాతో వెతకడం ఇంకో పని. కంటికి ఒకేలా ఉన్న రెండు అక్షరాలూ యంత్రానికి ఒకటి కావు. పాత ఉత్తరంలోని చిరునామాను కాపీ చేసి దానితో వెతకండి. ఖాతా మారిందన్న కొత్త ఉత్తరం ఆ జాబితాలో రాకపోతే, డబ్బు పంపేముందు మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేయాలి. అవతలివాళ్ళ అసలు పెట్టెనే దొంగ చేజిక్కించుకుంటే ఈ పరీక్ష పనికిరాదన్నది నిజం. కాబట్టి చెల్లింపు వివరాలు మారాయన్నప్పుడు జాబితాలో కనిపించినా సరే, ఫోన్ చేయడం మానకూడదు. అప్పటికే పంపేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి.

ఫోన్ తెర చిన్నది, చిరునామాలు పొడుగువి, ఇరుకైపోతుందని మెయిలు ప్రోగ్రాముల రూపకర్తలు అనవచ్చు. ప్రమోషన్స్ ట్యాబులో ప్రకటనలకు చోటు దొరికిన తెర మీద ఒక వరస చిన్న అక్షరాలకు దొరకదంటే నమ్మడం కష్టం. అన్ని ఉత్తరాలకూ కాకపోయినా, మనకు మొదటిసారి రాస్తున్న చిరునామానైనా బాణం నొక్కే పని లేకుండా పూర్తిగా చూపించాలి. డొమైన్‌ను బట్టి వరస పెట్టుకునే వీలు ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్, గూగుల్ రెండింటికీ ఈ నగరంలోనే పెద్ద కార్యాలయాలున్నాయి, కాబట్టి ఈ అడిగేదేదో మరీ దూరం వెళ్ళి అడగక్కర్లేదు.