బంగారం లేని బంగారు లోయ

'మెకన్నాస్ గోల్డ్' చూశారా? 1969 నాటి సినిమా. మా బాబాయి నేల టిక్కెట్టులో నాలుగుసార్లు చూశాడట! పొద్దుపొడుపు వేళ సూదిలాంటి కొండ నీడ అలా అలా సాగి బంగారు లోయకి దారి చూపిస్తుందే... ఆ సీను చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన చెయ్యి గాల్లో సాగుతుంది. "అంతా సెట్టింగేరా" అంటాడు.

సెట్టింగు కాదు బాబాయ్! ఆ కొండ నిజంగానే ఉంది. పేరు స్పైడర్ రాక్. అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో, కాన్యన్ డి షే అనే లోయలో సుమారు 800 అడుగుల ఎత్తున నిటారుగా నిలబడి ఉంది. ఆ చుట్టుపక్కలంతా సముద్రమట్టానికి 5,000 అడుగుల పైనున్న ఎడారి. ఎర్రటి ఇసుకరాయి. పైనున్న గట్టిరాయి పొర గొడుగు పట్టినచోట కొండ బల్లపరుపుగా మిగులుతుంది. దాన్నే మెసా అంటారు. స్పానిష్‌లో మెసా అంటే బల్లే! ఏరు కోసుకుంటూ పోయినచోట లోయ.

సినిమాలో గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ బంగారం కోసం పడే పాట్లు చూసి ఈలలు వేశాం. అసలు కథకి మాత్రం ఈల రాదు. ఆ లోయ నవాహోలది. మొక్కజొన్న వేసుకుని, పీచ్ తోటలు పెంచుకుని బతికేవాళ్లు. వాళ్ల నేలలో బంగారం ఉందని జనరల్ కార్ల్‌టన్ నమ్మాడు. 1864లో కిట్ కార్సన్ సైన్యం లోయలో దూరింది. ఆ ఏడాదే పంటలు తగలబెట్టారు, వేలాది పీచ్ చెట్లు నరికేశారు. ఆకలికి లొంగిపోయిన జనాన్ని వందల మైళ్లు నడిపించి న్యూమెక్సికోలో నిర్బంధించారు. పిల్లలూ ముసలివాళ్లూ దారిలోనే రాలిపోయారు. బంగారు గని మాత్రం బయటపడలేదు!

1868లో ఒప్పందం కుదిరాక తిరిగొచ్చారు. మళ్లీ పీచ్ మొక్కలు నాటుకున్నారు. నేటికీ కొన్ని కుటుంబాలు అక్కడే సేద్యం చేస్తున్నాయి. అన్నట్టు, తమకు నేత నేర్పిన సాలీడమ్మ ఆ కొండ కొమ్మునే ఉంటుందని నవాహోల నమ్మకం. మన భాషలోనూ సాలె అంటే నేతే కదా!

క్లైమాక్సులో కూలింది ఉత్త బొమ్మ. అసలు కొండ చెక్కు చెదరలేదు.

మొన్న ఇదంతా బాబాయికి చెప్పాను. గాల్లో సాగబోయిన చెయ్యి ఆగింది. కాసేపు ఊరుకుని, "ఆ పీచ్ పండు ఎలా ఉంటుందిరా?" అని అడిగాడు.