నోటికి తగిలే వాద్యానికి ఏ జిగురు?



పోయిన వేసవిలో మా అబ్బాయి వేణువు నిలువునా చీలింది. వెదురు మరీ ఎండిపోతే అంతే. సన్నని చీలిక చాలు, గాలి అందులోంచి పోయి స్వరం సరిగా పలకదు. నేను తలుపులు మూసిన గదిలో కూర్చుని, క్షణాల్లో అంటుకునే బజారు జిగురు రెండు చుక్కలు వేశాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఒలికిన జిగురును పాత నూలుగుడ్డతో తుడిస్తే గుడ్డ చేతిలోనే వేడెక్కి పొగ వచ్చింది. ఆ జిగురు నూలుకు తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంతా చేస్తే, నెల తిరగకుండానే చీలిక పక్కనుంచి మళ్ళీ విచ్చుకుంది.

బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదే ఒక పెద్దాయనకు చూపించాను. "అతికించడం ఎవరికైనా వచ్చు బాబూ, మళ్ళీ ఊడదీయగలిగేలా అతికించాలి" అన్నారు. చీలిక మీద గట్టి దారం దగ్గరదగ్గరగా చుట్టి, పైన తేనెమైనం కరిగించి పట్టించారు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో కరిగించారు.

క్లారినెట్ మీటల కింద ఉండే మెత్తని ప్యాడ్లను పాతకాలం నుంచి లక్కతో అంటిస్తారు. ప్యాడ్ పాడైతే మీటను విప్పి కాస్త వేడి చేస్తే లక్క కరిగి ప్యాడ్ ఊడివస్తుంది. ఘాటు జిగురు వేస్తే గీకాల్సిందే. లక్క మనకు కొత్తది కాదు. ఏటికొప్పాక బొమ్మల మీది మెరుపు అదే, లాడ్ బజార్ గాజుల్లోనూ అదే. శుద్ధిచేసిన లక్కను కొన్ని మందుబిళ్ళల పైపూతకు కూడా వాడతారు.

బజారు జిగురు పూర్తిగా ఆరాక పెద్దగా హాని లేదన్నది నిజమే. దాని బాధ పచ్చిగా ఉన్నప్పుడే. ఆ ఆవిరి కొందరికి ఆస్తమాను రేపుతుంది. చెప్పులకు వాడే పసుపు జిగురులో తరచుగా టోలీన్ ఉంటుంది, పీలిస్తే తలనొప్పి, తల తిరగడం వస్తాయి. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట్లో అది వద్దనే అంటాను. అలాగని సహజమైనదంతా మంచిదనీ అనుకోకండి. లక్కను స్పిరిట్‌లో కరిగిస్తే ఆ స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గర ఆ పని పనికిరాదు.

తప్పనిసరై బజారు జిగురు వాడితే ఆరుబయట వాడండి. వేళ్ళు అంటుకుంటే లాగకండి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకుండా నీళ్ళతో బాగా కడుగుతూ వెంటనే ఆసుపత్రికి రండి.

వేణువుకు ఇప్పుడు మూడుచోట్ల ఎర్రదారం కట్లున్నాయి. చెయ్యి విరిగినవాడికి కట్టు కట్టినట్టుందని మా అమ్మాయి నవ్వుతుంది. ఎండకు మైనం మెత్తబడుతుంది గనుక దాన్ని గుడ్డసంచిలో, నీడపట్టున ఉంచుతున్నాం.