పడ్డవాళ్ళని మంచానికి అంటగట్టకండి

ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోతే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట "టైం బాలేదు". రెండో మాట "ఈ వయసులో ఇక కదలకూడదు, పడుకోబెట్టండి". మొదటిది మూఢనమ్మకమని మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. రెండోదాన్ని హేతువాదుల ఇళ్ళల్లో కూడా ఎవరూ ప్రశ్నించరు. నన్నడిగితే రెండూ ఒకే తాను ముక్కలు. కారణం వెతక్కుండా, ఫలితం చూడకుండా, అలవాటు కొద్దీ అనేసే మాటలు.

మా పెద్దమ్మకి 76 ఏళ్ళు. తెల్లవారుజామున బాత్రూంలో పడితే తుంటి ఎముక విరిగింది. చూడడానికి వచ్చిన ఒకాయన పంచాంగం తిరగేసి ఏలినాటి శని అన్నాడు. ఒకావిడ దిష్టి తీయించమంది. ఇంకొకరు ఆపరేషన్ ఎందుకు, నాటు కట్టు కట్టిద్దాం అన్నారు. నేను మాత్రం మూడు ప్రశ్నలు అడిగాను. లైటు వెలుగుతోందా? నేల తడిగా ఉందా? రాత్రి ఏ మాత్రలు వేసుకుంది? బల్బు మాడిపోయి నెల రోజులయింది. నేల తడిగానే ఉంది. రాత్రి నిద్రమాత్ర వేసుకుంది, దానికి తోడు రెండు వారాల క్రితమే బీపీ మాత్ర డోసు పెంచారు. ఇన్ని కారణాలున్నాక పాపం శనికి చేయడానికి పనేం మిగిలింది?

అదే ఇంట్లో అంతకు మూడేళ్ళ ముందు వాస్తు బాలేదని గోడ పగలగొట్టి బాత్రూం గుమ్మాన్ని ఇంకో వైపుకి మార్చారు. లోపల చేత్తో పట్టుకోడానికి గోడకి ఒక కమ్మీ బిగించాలని మాత్రం ఆ వాస్తు పండితుడికి తోచలేదు.

"నాటు కట్టుతో బాగయినవాళ్ళు లేరా?" అని అడుగుతారు. ఉన్నారు. పుత్తూరు కట్టు పేరు ఊరికే రాష్ట్రాలు దాటలేదు. చాలా ఎముకలు పక్కకి తొలగకుండా, కదలకుండా ఉంచితే వాటంతటవే అతుక్కుంటాయి. ఎవరు కట్టినా పేరు కట్టినవాడికే వస్తుంది. తుంటి ఎముక సంగతి వేరు. బలమైన తొడ కండరాలు విరిగిన ముక్కల్ని చెరో వైపుకి లాగుతాయి. ఎముక మెడ దగ్గర విరిగితే పై భాగానికి రక్తం అందడమే కష్టమవుతుంది. దాన్ని పైనుంచి ఏ కట్టూ పట్టి ఉంచలేదు. అందుకే వీలైనంత త్వరగా, 48 గంటల లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టాలంటారు డాక్టర్లు. మా పెద్దమ్మని అలా లేపినప్పుడు బంధువులు "కసాయివాళ్ళు" అని తిట్టిపోశారు.

ఎవరు కసాయివాళ్ళు? మంచం చేసే హాని గురించి రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు 1947లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వృద్ధుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, ఒక్క కాళ్ళలోనే సుమారు కిలో కండ కరిగిపోయింది. వాళ్ళకి ఏ జబ్బూ లేదు, ఏ ఎముకా విరగలేదు. మనం విరిగినవాళ్ళని మూడేసి నెలలు పడుకోబెడతాం! పుళ్ళు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, మనిషి మతి తప్పినట్టు మాట్లాడతాడు. తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు అయిదుగురిలో ఒకరు, చాలా చోట్ల అంతకన్నా ఎక్కువమంది, ఏడాది తిరక్కుండానే పోతున్నారు. అలా పోయినప్పుడు "ఆయువు తీరింది" అనేసి చేతులు దులుపుకుంటాం.

ఇక పత్యం. పప్పు తింటే చీము పడుతుందట! కుట్లు మానడానికీ, కండ పెరగడానికీ మాంసకృత్తులు కావాల్సిన రోజుల్లోనే పప్పూ, గుడ్డూ, చేపా మానిపించి చారన్నం పెడతాం. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు.

మరి ఏం చేయాలి? విరిగిన కాలి మీద ఎంత బరువు వేయొచ్చో డాక్టర్నే అడగాలి. వేయొచ్చంటే రోజూ వాకర్ పట్టుకుని నడిపించాలి, భోజనం కుర్చీలో కూర్చోబెట్టి పెట్టాలి. ఆవిడ చేతులు బాగానే ఉన్నప్పుడు ముద్దలు కలిపి నోట్లో పెట్టడం సేవ కాదు, ఆవిడ చేతుల్ని కూడా పనికిరాకుండా చేయడం. మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టి, ఏవి తగ్గించొచ్చో అడగాలి. బీపీ పడుకున్నప్పుడొకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడమనాలి. నిలబడగానే పై అంకె 20 పడిపోతే, పడడానికి అదే కారణం కావచ్చు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఆ ఎముక గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ. దానికి మందులున్నాయి, అడిగి వాడాలి. కాళ్ళ బలానికీ, నిలకడకీ న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు రూపొందించిన వ్యాయామాలతో వృద్ధులు పడిపోవడం మూడో వంతు దాకా తగ్గింది.

"ఫిజియోథెరపిస్టుకి రోజూ డబ్బులు ఎక్కడ తెస్తాం?" అన్నవాళ్ళే మా పెద్దమ్మ పేరున మృత్యుంజయ హోమానికి చందాలు వేసుకున్నారు. లెక్క వేస్తే ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టు నెల రోజులు ఇంటికొచ్చేవాడు. పైగా ఈ చాకిరీ అంతా కోడళ్ళది, కూతుళ్ళది. మనిషి మంచాన పడితే ఆ చాకిరీ ఏళ్ళ తరబడి సాగుతుంది. పంచాంగం చూసినాయన ఒక్క రోజు కూడా బెడ్‌పాన్ తీయడు.

దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన మనం మానక్కర్లేదు. కానీ ఆ వాదనకి వెళ్ళే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళ మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా రాత్రిపూట ఒకసారి నడిచి చూడండి. కాలికి తగిలేవాటిని తీసేయండి, లైటు పెట్టండి, గోడకి కమ్మీ బిగించండి. దీనికి ముహూర్తం అక్కర్లేదు.