ఎత్తు పెంచితే సత్తా పెరగదు

పాత జిప్సీ గానీ, మహీంద్రా ఎం.ఎం. 540 గానీ కొన్నవాడికి సలహాలు వెంటనే అందుతాయి. రెండంగుళాల లిఫ్ట్ కొట్టించాలి, 31 అంగుళాల మడ్ టైర్లు వెయ్యాలి, ఇనప బంపర్ పెట్టి దానిమీద వించ్ బిగించాలి, పైన ర్యాక్, పక్కన స్నార్కెల్. ఇవేవీ లేకుండా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండి కొండదారికి పనికిరాదన్న నమ్మకం ఇప్పుడు దాదాపు ఎదురులేనిదైపోయింది. ఆ నమ్మకం తప్పు. పాత ఫోర్-బై-ఫోర్ దారిలో ఆగిపోయేది ఎత్తు చాలక కాదు, చాలాసార్లు అరిగిన బేరింగు వల్ల, ఎండిపోయిన సీలు వల్ల, ఏళ్ళ తరబడి కదపని హబ్ వల్ల. పైగా, చెయ్యమంటున్న మార్పుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ అరిగిన భాగాలమీదే బరువు మోపుతాయి.

ఈ బండ్లు ఏమిటో ముందు చూడాలి. జిప్సీ 1985లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది. 1996లో 1,298 సీసీ ‘కింగ్’ అయింది, 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగింది. నిచ్చెన ఛాసిస్, ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్ళు, నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలు, చేత్తో తిప్పే హబ్ లాకులు, లో గేరు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ కేసు, ఇంతా కలిపి సుమారు వెయ్యి కిలోల బరువు. అదే కాలపు ఎం.ఎం. 540ది 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్. బరువు ఎక్కువైనా అమరిక అదే తీరు. భారత సైన్యం వేల జిప్సీలను హిమాలయాల్లోనూ, రాజస్థాన్ ఇసుకలోనూ నడిపింది. అవి నడిచింది మామూలు కొలతల టైర్లమీదే. బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు రాళ్ళు తేలిన దారిలో పర్యాటకుల్ని చేరవేసే జీపుల్ని చూసినా సంగతి తెలుస్తుంది. వాటిని కొండెక్కిస్తున్నది అలంకారం కాదు. రోజూ చూసుకునే గ్రీజు, రోజూ అదే దారి తొక్కే డ్రైవరు చెయ్యి.

పెద్ద టైరు సంగతి లెక్క వేసి చూస్తే తేటపడుతుంది. కింగ్‌కు కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు. 31 అంగుళాల టైరు వ్యాసం 787. అంటే వ్యాసం 18 శాతం దాకా పెరిగింది. నేలకూ డిఫరెన్షియల్‌కూ మధ్య జాగా మాత్రం పెరిగేది అందులో సగమే, 60 మిల్లీమీటర్లు. ఆ 60 మిల్లీమీటర్ల కోసం చెల్లించేది తక్కువేం కాదు. చక్రం దగ్గర నేలను తోసే బలం 15 శాతం పడిపోతుంది. ప్రతి గేరూ పొడవైపోతుంది. కింగ్ ఇంజన్ పూర్తి టార్క్ ఇచ్చేది 4,500 ఆర్‌పీఎం దగ్గర, కింద దానికి పెద్దగా బలం లేదు. కాబట్టి రాతిమెట్టు దగ్గర నెమ్మదిగా పాకాల్సిన చోట డ్రైవరు క్లచ్ సగం నొక్కి, ఇంజన్ అరిపించి, దూకుడు మీద ఎక్కించాల్సి వస్తుంది. క్లచ్ కాలేదీ, యాక్సిల్ విరిగేదీ ఆ దూకుడులోనే. బ్రేకులకూ ఇదే లెక్క. అదే దూరంలో ఆపాలంటే అవి 18 శాతం ఎక్కువ శ్రమించాలి, కానీ అవి పాత బ్రేకులే. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 70 మీద ఉంటుంది.

జిప్సీ ముందు యాక్సిల్‌లో స్టీరింగ్ తిరిగే చోట బర్ఫీల్డ్ జాయింటు ఉంటుంది. దాన్ని కంపెనీ చిన్న టైరుకూ, తేలిక బండికీ సరిపడేలా చేసింది. పెద్ద టైరు రాయి సందులో ఇరుక్కుని, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే ముందు తెగేది అదే. వెడల్పు టైరుకు సరిపడే వెడల్పు రిమ్ము వేస్తే చక్రం బయటికి జరిగి వీల్ బేరింగుల మీదా, కింగ్‌పిన్ బేరింగుల మీదా ఒరుగుబరువు పెరుగుతుంది. వెడల్పు ఉంటే బురదలో పట్టు పెరుగుతుందన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. పైన జారుడు పొర, కింద గట్టినేల ఉన్న చెరువుకట్ట దారిలో సన్నటి టైరు పొరను కోసుకుని గట్టినేలను అందుకుంటుంది, వెడల్పుది పైనే తేలి జారుతుంది. మెత్తటి ఇసుకలో లెక్క తిరగబడుతుంది, వెడల్పు అక్కడ మేలే. అయితే ఆ మేలును టైర్లో గాలి దించి కూడా తెచ్చుకోవచ్చు. ఆ సంగతి కింద వస్తుంది.

లిఫ్ట్ గురించి ఉన్న అపోహ ఇంకా పెద్దది. సాలిడ్ యాక్సిల్ బండికి సస్పెన్షన్ ఎత్తు పెంచితే పైకి లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. రాళ్ళకు ముందు తగిలే డిఫరెన్షియల్ గుండు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. లిఫ్ట్ వల్ల ముందూ వెనకా వాలు దగ్గర బంపరు తగలకుండా కాస్త కోణం వస్తుంది, అది నిజమే. దానికి బదులుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి క్రాసులు త్వరగా అరుగుతాయి, బ్రేకు హోసులు లాగుకుపోతాయి, యాక్సిల్ ఒరిగి క్యాస్టర్ కోణం మారి స్టీరింగ్ రోడ్డుమీద నిలకడ కోల్పోతుంది. చవకలో లిఫ్ట్ కావాలని కమాన్ కట్టలో అదనంగా పట్టీలు ఎక్కించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. కట్ట బిగుసుకుపోతే యాక్సిల్ పైకీ కిందికీ ఆడదు, గుంతలో ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్కే ఇస్తుంది. గాల్లో చక్రానికి ఏ పట్టూ లేదు కనుక నేలమీది చక్రానికి కూడా దాదాపు ఏమీ దక్కదు. ఎత్తు కోసం చేసిన పనే బండిని నిలబెట్టేస్తుందన్నమాట.

పక్కకు ఒరిగే భయం వేరు. చక్రాల మధ్య దూరంలో సగం 65 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం కూడా 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న బండి, కదలకుండా నిలిచి ఉంటే 45 డిగ్రీల పక్కవాలు దాకా పడిపోదు. గురుత్వ కేంద్రం పది సెంటీమీటర్లు పైకి పోతే ఆ హద్దు 41 డిగ్రీలకు దిగుతుంది. ఇది కాగితం మీద లెక్క. కదులుతున్న బండిలో, మెత్తటి కమాన్ల మీద, పైన ర్యాక్‌లో జెర్రీ క్యానులూ టెంటూ ఉన్నప్పుడు అసలు హద్దు ఇంకా చాలా ముందే వస్తుంది.

ఇనప బంపరు, వించ్ కలిసి 80 కిలోలు తూగడం వింత కాదు. వెయ్యి కిలోల బండికి ఆ బరువంతా ముందు యాక్సిల్‌కు కూడా ముందు వేలాడుతుంది. నిండు లాగుడు మీద వించ్ 400 ఆంపియర్ల దాకా తాగగలదు, పాత ఆల్టర్నేటరు ఇచ్చేది అందులో చిన్న వంతే. మంచి బ్యాటరీ, మందమైన కేబుళ్ళు, శుభ్రమైన ఎర్త్ లేకుండా బిగించిన వించ్ అవసరం పడ్డ రోజు నాలుగు నిమిషాలు లాగి ఊరుకుంటుంది. ఒంటరిగా అడవిదారుల్లో తిరిగేవారికి వించ్ తగినదే. తోడు బండి ఉన్నవారికి ఛాసిస్‌కు గట్టిగా బిగించిన కొక్కేలు, మంచి లాగుడు పట్టా, ఒక పార చాలు.

స్నార్కెల్ మీద ఉన్నంత మోజు, యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ మీద లేకపోవడం బాధాకరం. ఇంజన్ నీళ్ళు మింగితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, అందుకని గాలి పైనుంచి తీసుకోవడంలో తప్పులేదు. కానీ డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత పెట్రోలు బండి గాలి ద్వారం దాకా నీళ్ళు రాకముందే, డిస్ట్రిబ్యూటర్ తడిసి ఆగిపోతుంది. అసలు నష్టం కళ్ళకు కనపడని చోట జరుగుతుంది. ఎండదారిలో వేడెక్కిన డిఫరెన్షియల్ వాగులో మునగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆ ఖాళీ సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను పీల్చుకుంటుంది. బ్రీదర్ తెరిచే ఉన్నా, అది నీళ్ళలో మునిగి ఉంటే దానిలోంచే పీల్చుకుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడి, కొన్ని వారాల్లో బేరింగులు తుప్పు పడతాయి. ముందూ వెనకా యాక్సిళ్ళ బ్రీదర్లకు రబ్బరు గొట్టాలు తొడిగి ఇంజన్ గది పైదాకా తీసుకుపోతే ఇది ఆగుతుంది. పాత ఫోర్-బై-ఫోర్‌కు చెయ్యదగ్గ మొదటి మార్పు ఇదే. దీని ఖర్చు ఒక మడ్ టైరు ఖరీదులో చిన్న తునక.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఫోర్-వీల్ డ్రైవ్ పనిచేస్తున్నదా లేదా అన్నది. చాలా పాత బండ్లలో ఏళ్ళ తరబడి ఆ లివరు కదిపినవాడే ఉండడు. హబ్ లాకుల్లో గ్రీజు ఎండి గట్టిపడుతుంది, సీళ్ళు ఒక పక్క ఎండిపోతాయి. నెలకోసారైనా హబ్‌లు బిగించి, మట్టినేల మీద కాస్త దూరం నాలుగు చక్రాలతో నడిపితే ఆయిల్ అంతటా పాకుతుంది. తారురోడ్డు మీద మాత్రం ఈ పని చెయ్యకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు నడుస్తాయి. వీటి మధ్య డిఫరెన్షియల్ లేదు, తారు మీద టైరు జారదు, ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసులో బిగుసుకుని లివరు బయటికి రానంటుంది. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు వేలాడేది రబ్బరు మౌంట్ల మీద. అవి చీలితే లో గేర్లో కేసు మెలితిరిగి షాఫ్టులు కొట్టుకుంటాయి. కొత్త మౌంట్లు వెయ్యడం లిఫ్ట్ కంటే ముందు చెయ్యాల్సిన పని, దాన్ని ఎవరూ ఫొటో తియ్యరు గానీ.

ఆయిళ్ళలో కూడా శ్రద్ధ కావాలి. డిఫరెన్షియల్‌కు జీఎల్-5 రకం, గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం. రెంటికీ ఒకే డబ్బా పోసే షెడ్డులు ఉన్నాయి. జీఎల్-5లోని గంధకం కలిసిన రసాయనాలు గేర్‌బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులను కొన్నిచోట్ల తినేస్తాయి. వాగులు దాటిన ప్రతి ప్రయాణం తర్వాత డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి నాలుగు చుక్కల ఆయిల్ చూడాలి. క్రాసులకూ, షాకిళ్ళకూ ఉన్న గ్రీజు నిపిళ్ళన్నిట్లోకీ పాత గ్రీజు, నీళ్ళు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి.

స్టీరింగ్ వణుకు పాత సాలిడ్ యాక్సిల్ బండ్లకు పెద్ద జబ్బు. 50, 60 వేగంలో చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ ఊగిపోతాయి. దానికి పెద్ద స్టీరింగ్ డాంపర్ వెయ్యమనడం, జ్వరానికి కారణం వెతక్కుండా నుదుటిమీద తడిగుడ్డ వెయ్యడం లాంటిది. జాకీ మీద చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే ఎక్కడుందో తెలిసిపోతుంది. రెండో మనిషి బ్రేకు నొక్కి ఉంచినప్పుడు ప్లే పోతే వీల్ బేరింగు వదులు, పోకపోతే కింగ్‌పిన్ బేరింగు అరిగినట్టు. పక్కలు పట్టుకుని ఊపితే ఆడేది చాలామటుకు టై రాడ్ ఎండ్. నకిల్ బయట నూనె కారుతుంటే లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజును పలచబరుస్తోందని అర్థం. బర్ఫీల్డ్ జాయింటుకు అదే చివరి హెచ్చరిక. ఇవన్నీ ఒక జాకీ, ఒక పానా, గంట ఓపిక ఉన్నవారు చేసుకోగల పరీక్షలు.

మిగతావి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బ్రేకు ఆయిల్ గాల్లో తేమను పీలుస్తుంది. రెండేళ్ళకోసారి మార్చకపోతే ఘాట్ దిగేటప్పుడు మరిగి పెడల్ మెత్తబడుతుంది. లో గేర్లో నెమ్మదిగా ఎక్కే బండికి ఎదురుగాలి దొరకదు, కాబట్టి రేడియేటరు లోపలా బయటా శుభ్రంగా ఉండాలి. కమాన్ కట్టల యూ బోల్టుల్ని సర్వీసు చేయించిన కొన్ని వందల కిలోమీటర్లకు మళ్ళీ బిగించాలి. సెంటర్ బోల్టు తెగితే యాక్సిలే పక్కకు జరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తిరిగిన బండికి కమాన్ బ్రాకెట్లు ఛాసిస్‌కు అతికే చోట తుప్పును సుత్తితో తట్టి చూడాలి. అక్కడ రేకు మెత్తబడిన బండికి ఏ సామానూ తగిలించకూడదు.

ఇక టైర్లలో గాలి. మామూలు టైర్లోనే రాళ్ళదారికి 18–20 పీఎస్ఐ, ఇసుకకు 14–15 దాకా దించితే టైరు పొడవునా పరుచుకుని నేలను పట్టుకుంటుంది, రాయిని చుట్టుకుంటుంది, కుదుపు తగ్గి షాక్ అబ్జార్బర్లూ బతుకుతాయి. తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపుకోవాలి. ఇందుకు కావాల్సింది ఒక గేజీ, ఒక చిన్న కంప్రెసర్. టైరు మార్చకముందు దీన్ని చేసి చూసినవారిలో చాలామందికి కొత్త టైర్ల అవసరమే కనిపించదు.

మార్పులు కోరేవారి వాదనలో బలమైనది ఒకటుంది. 2014 నుంచి గోవాలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ వంటి పోటీల్లో గెలిచే బండ్లన్నీ ఎత్తు పెంచినవే, రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించే లాకర్లు వేసినవే, పెద్ద టైర్లవే. నిజమే. కానీ ఆ బండ్లు ట్రెయిలరు మీద పోటీకి వస్తాయి, వెనక మెకానిక్‌లూ విడి యాక్సిళ్ళూ ఉంటాయి, టైరుకు తగ్గట్టు గేరు నిష్పత్తులూ యాక్సిళ్ళూ మార్చి ఉంటాయి. కుటుంబంతో మారేడుమిల్లి వెళ్ళి ఇంటికి తిరిగి రావాల్సిన బండికి ఆ కొలత వర్తించదు. ఆ జాబితాలో సాధారణ ప్రయాణికుడికి నిజంగా పనికొచ్చేది వెనక డిఫరెన్షియల్‌కు లాకర్ ఒక్కటే. గాల్లో తిరిగే చక్రం సమస్యకు అది సూటి జవాబు, బండి ఎత్తును అది మార్చదు. ముందు యాక్సిల్‌కు లాకర్ వెయ్యడం మాత్రం బర్ఫీల్డులను విరగ్గొట్టే మార్గం.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చడం కుదరదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బంపర్ల మీద క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడాన్ని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చట్టవిరుద్ధమంది. పదిహేనేళ్ళు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి తనిఖీకి వెళ్ళాలి, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి వెళ్తూనే ఉండాలి. అక్కడ అధికారి చూసేది ఆర్‌సీ వివరాలు, బ్రేకులు, లైట్లు, పొగ. బ్రీదర్ గొట్టాలు, కొత్త మౌంట్లు, కొత్త బేరింగులు, సరైన ఆయిళ్ళు ఆర్‌సీలోని ఏ వివరాన్నీ మార్చవు. లిఫ్ట్, టైర్లు, బంపరు ఉన్న బండి మాత్రం తనిఖీ రోజున వాటిని విప్పి పాత సామాను మళ్ళీ తగిలించుకోవాల్సి వస్తుంది, ఆ పాత సామాను పారెయ్యకుండా దాచి ఉంటేనే.